డిస్ట్రక్షన్ అను పదమును దాని బంధువులును

ఉన్నత తరగతుల విద్యార్థులు వ్రాయు ఆంగ్ల వ్యాసములను దిద్దునపుడు ఒక క్రియాపదము మాకు పదే పదే యెదురగుచుండును. అది డిస్ట్రాయ్ అనునది. గాలివాన యిండ్లను డిస్ట్రాయ్ చేసెను. ఎండ పాలను డిస్ట్రాయ్ చేసెను. దుష్టసహవాసము బాలుని డిస్ట్రాయ్ చేసెను. తమ్ముడు పలకమీది లెక్కను డిస్ట్రాయ్ చేసెను. ఒక్క గొడ్డలితోనే చెట్టును నరకి, వంకాయలను తరిగి, కలమును చెక్కుకొనువాని నెవరైన చూచిన యెడల నవ్వకుందురా? పై వాక్యములలో మొదటిది తప్ప తక్కినవన్నియు గొడ్డలితో చెక్కిన కలములే.

దీనికి కారణము తెలియనిది కాదు. మనయింట "పాడైపోయెను" అను మాట యొకటి యున్నది. పాలు విరిగినను, గడియారము నిలిచినను, ఇల్లు కూలినను, ఆరోగ్యము చెడినను పాడైపోయెననిన చాలును. ఆ మాటనే చేతబట్టుకొని విద్యార్థి నిఘంటువును తెరచును. అందు నాశనమగు అను అర్థమునకు మొట్టమొదట కనబడినదానిని తెచ్చి యెల్లచోటుల నతికించును. అట్లని తెనుగు పేదది కాదు. కూలు, విరుగు, చెడు, నలుగు, మాడు, కుళ్లు అను దేశ్యపదములు గలవు. శిథిలము, ధ్వంసము, నిర్మూలము, క్షయము, లయము, సంహారము అను సంస్కృతపదములు గలవు. ఇవి యన్నియు ఒకటి కావని పల్లెలోని పెద్దమ్మకును తెలియును. కుండ కుళ్లెననియు, పండు కూలెననియు నామె యెన్నడును పలుకదు. ఆ వివేకమునే ఆంగ్లమునందును చూపవలెనని మా కోరిక.

ముందుగా డిస్ట్రాయ్ యొక్క పుట్టుపూర్వోత్తరములు చూతము. లాటిను భాషలో స్ట్రుయెరె యనగా పేర్చుట, కట్టుట. దానికి ముందు డె అను ఉపసర్గము చేరినపుడు, కట్టినదానిని విప్పి పడవేయుట యని యర్థము. ఇదే ధాతువునుండి స్ట్రక్చర్ అనగా కట్టడము, కన్‌స్ట్రక్షన్ అనగా నిర్మాణము, ఆబ్‌స్ట్రక్షన్ అనగా దారికి అడ్డముగా పేర్చినది, పుట్టినవి. ఇన్‌స్ట్రక్షన్ అను మాటయు దీని తోబుట్టువే. లోపల ఒకదానిపై నొకటి పేర్చుట, అనగా బోధించుట. ఉపాధ్యాయుడు చేయు పనికిని, శత్రువు కోటకు చేయు పనికిని ఒకే ధాతువు మూలమగుట చూచి, ఆ రెండు పనులును ఒకే గంటలో మా తరగతిలో జరుగునని అల్లరి విద్యార్థి యెవడైన ననవచ్చును. ఆ చర్చ యిక్కడ అప్రస్తుతము.

క్రియాపదము ఫ్రెంచివారి నోట నలిగి రూపుమారి వచ్చినది. నామపదము లాటిను రూపమునకు చేరువగా నిలిచినది. అందుచేతనే డిస్ట్రాయ్ అను క్రియకు డిస్ట్రక్షన్ అను నామము, డిస్ట్రక్టివ్ అను విశేషణము, ఇన్‌డిస్ట్రక్టిబుల్ అను వ్యతిరేక విశేషణము గలవు. డిస్ట్రక్టెడ్ అనియు, డిస్ట్రాయ్‌మెంట్ అనియు ఉత్తరపత్రములలో మేము చూచుచున్న రూపములు సాధువులు కావు. రాకెట్టులను ప్రయోగించువారు దారితప్పిన రాకెట్టును తమంతట తాము పేల్చివేయు సందర్భమున సెల్ఫ్-డిస్ట్రక్ట్ అను మాటను 20వ శతాబ్దమున వాడుకలోనికి తెచ్చిరి. అది వారి వృత్తిలోని మాట, మన వ్యాసములకు వలదు. డిస్ట్రాయర్ అను యుద్ధనౌక పేరును ఇక్కడ చెప్పదగినదే. టార్పెడోలను విడుచు చిన్న పడవలను వెంటాడి నాశనము చేయుటకై ఆంగ్లేయులు 1893లో ఒక కొత్తరకపు నౌకను నీటిలోనికి దింపిరి. టార్పెడో పడవల డిస్ట్రాయర్ అను పొడుగు పేరు క్రమముగా తరిగి తుదిమాట మాత్రము మిగిలెను. ఆ మొదటి నౌకకు వారు పెట్టిన పేరు హావక్. హావక్ అనునదియు నాశనవాచకమే. పూర్వము సైనికులకు దోపిడి మొదలుపెట్టుడని చెప్పు కేక యది. 14వ శతాబ్దమున ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు కాలపు యుద్ధశాసనములలో అనుమతి లేక ఆ కేక వేయువానికి మరణదండన విధింపబడెను. ఒక్క మాట అరచినందుకు తల పోవునంతటి బలము మాటకు గలదన్నమాట.

డిస్ట్రాయ్ లోపల కట్టడపు చిత్రమున్నది గనుక, కట్టియున్న రూపము పోయి, ఆ వస్తువు ఇక ఆ వస్తువుగా నిలువని స్థితినే యది ముఖ్యముగా చెప్పును. ఇల్లు, వంతెన, పత్రము, సాక్ష్యము, సైన్యము, కీర్తి వీనికది తగును. పాలకు తగదు. పాలు విరిగినను పాలగిన్నెలో నేదో యున్నది. అది మునుపటి గుణమును కోల్పోయినది. అక్కడ స్పాయిల్ అనవలెను. స్పాయిల్ అను మాటకు లాటినులో ఒలిచిన తోలు, శత్రువునుండి ఒలుచుకొన్న దోపుడుసొమ్ము అను నర్థములుండెను. ఒలుచుకొనగా మిగిలినది కొరగానిదగును గదా. గారాబముచేత చెడిన పిల్లవానికిని ఆంగ్లేయులు ఈ మాటయే వాడుదురు. పలకమీది లెక్కకు ఇరేజ్ అనవలెను. ఈ ఇరేజ్ లోనున్న ధాతువునకు గీకుట యని యర్థము. గడ్డము గీయు రేజర్ దీని చుట్టమే. పట్టణమును నేలమట్టము చేయుటకు వాడు రేజ్ అను క్రియయు నదే. నేలమీద నేమియు నిలువకుండ గీకివేసినారని భావము. మన నేలమట్టమునందును అట్టి చిత్రమే యుండుట చూడుడు.

ఇక డామేజ్ అను మాట. దాని మూలమునకు నష్టము అని యర్థము. దెబ్బతినిన వస్తువు ఇంకను ఉన్నది, బాగుచేయవచ్చును. నాశనమైనది బాగుచేయుటకు లేదు. ఈ భేదము పరీక్షలో ఒక మార్కునకు మాత్రమే సంబంధించినదని తలపకుడు. తుపాను వెలిసిన పిమ్మట ఉద్యోగులు గ్రామమునకు వచ్చి, ఇంటింటికి తిరిగి పట్టిక వ్రాయుదురు. పూర్తిగా కూలిన యిల్లు, కొంతమేర దెబ్బతినిన యిల్లు అను నిలువుగడులు అందు వేర్వేరుగా నుండును. సహాయపు సొమ్మును వేర్వేరుగనే యుండును. మూడు గోడలు నిలిచి, కప్పు ఎగిరి, నాలుగవ గోడ వానలో కరగిపోయిన గుడిసె ఏ గడిలో పడవలెను? వ్రాయువాని చేతిలోని మాటనుబట్టి ఒక వితంతువు వచ్చు వేసవిలోపల కప్పు వేసికొనునో లేదో నిర్ణయమగును. మీలో కొందరు రేపు ఆ పట్టికలు వ్రాయువారే యగుదురు.

తుపాను మాట వచ్చినది గనుక డెవస్టేట్ అను పదమునకు పోవుదము. 1864 సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముపై సముద్రము పొంగి లోపలికి వచ్చెను. పట్టణమునను చుట్టుపట్ల గ్రామములలోను చనిపోయినవారు దాదాపు 30,000 మంది యని లెక్కగట్టిరి. 1977 నవంబరు 19వ తేదీన అదే తీరమున దివిసీమలో మరల అట్టి యుప్పెన వచ్చి 10,000 మందికి పైగా ప్రాణములను తీసికొనిపోయెను. ఇట్టి సంగతిని ఆంగ్లమున వ్రాయు విద్యార్థి ఇండ్లు డిస్ట్రాయ్ అయ్యెననవచ్చును. పడవలు రెక్ అయ్యెననవలెను, అది ఓడలకు మొదటినుండి చెందిన మాట. చెరువులలోను నూతులలోను ఉప్పునీరు చేరి మంచినీరు స్పాయిల్ అయ్యెననవలెను. పైరు రూయిన్ అయ్యెననవచ్చును. అయితే ఆ సీమ యంతయు ఏమయ్యెను? సీమ కట్టడము కాదు; నేల అక్కడనే యున్నది. అక్కడనే డెవస్టేట్ అను మాట కావలెను. లాటినులో వాస్టుస్ అనగా శూన్యమైనది. విశాలము అను నర్థముగల వాస్ట్ అను మాట దానినుండియే వచ్చినది. బీడు అను నర్థముగల వేస్ట్ అనునదియు ఆ కుటుంబములోనిదే. నిండియున్నదానిని వట్టిదిగా చేయుట డెవస్టేట్. దేశమునకు, పల్లెలకు, అడవికి, దుఃఖమున మునిగిన మనస్సునకు అది తగును. ఒక కుర్చీకి తగదు. మనుష్యులు పోయి చోటు ఒంటరిగా మిగిలినపుడు డెసొలేట్ అందురు. ఒంటరి అను నర్థముగల సోలుస్ అను లాటిను పద మందున్నది. డెవస్టేట్ అనునది జరిగిన క్రియను చెప్పును, డెసొలేట్ అనునది పిమ్మట మిగిలిన మౌనమును చెప్పును. ఉప్పెన మరునాటి ఉదయమునకు రెండవదే సరియైన మాట.

రూయిన్ అను మాటను గూర్చి కొంత విడిగా చెప్పవలసియున్నది. దాని మూలార్థము పడిపోవుట. ఎవరో పడగొట్టిరని ఆ మాట చెప్పదు; కాలము, వాన, అప్పు, అలక్ష్యము ఏదైనను కావచ్చును. డిమాలిష్ అనునది అట్లు కాదు. దానికి కర్త యుండియే తీరవలెను. గొప్ప రాశిగా కట్టినదానిని బుద్ధిపూర్వకముగా పడద్రోయుట యది. పురపాలక సంఘమువారు పాతగోడను డిమాలిష్ చేయుదురు, భూకంపము చేయదు. వాక్యములో కర్తను దాచదలచినవాడు రూయిన్ వైపునకును, కర్తను చూపదలచినవాడు డిమాలిష్ వైపునకును మొగ్గుట వార్తాపత్రికలలో తరచుగా కాననగును. చదువునపుడు ఇది గమనించుడు.

బహువచనమున రూయిన్స్ అనిన యెడల శిథిలములు. మన శిథిల శబ్దమునకు సంస్కృతమున వదులైనది అని యర్థము. ఆంగ్లమున పడినది, మన భాషలో బిగువు సడలినది. మాకు మనదే యెక్కువ సత్యముగా తోచును, ఏలయన కట్టడము పడుటకు ముందు చాలకాలము వదులగుచుండును. హంపిని చూచివచ్చినవారు విజయనగరము డిస్ట్రాయ్ అయ్యెనని వ్రాయుదురు. 1565 నాటి యుద్ధానంతరము ఆ నగరము దోపిడికి గురియై, తగులబడి, విడువబడినది నిజమే. కాని తుంగభద్ర యొడ్డున నేడు మనము చూచునది ఆ క్రియ కాదు. దాని తరువాత నాలుగు వందల యేండ్లకు పైగా ఎండవానలు చేసిన పని. అదియు నంతటను ఒక తీరున లేదు. విరూపాక్ష దేవాలయమున నేటికిని పూజ జరుగుచున్నది. దానిని రూయిన్ అనరాదు.

ఈ మూడు మాటలును ఒక్కచోట కలిసిన యుదాహరణమును ఇంగ్లండునుండి యిత్తుము. 1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మను విమానములు కావెంట్రీ పట్టణముపై బాంబులు వేసెను. అక్కడి మధ్యయుగపు ప్రధానాలయము కాలిపోయెను. కప్పు లేదు, లోపలి స్తంభములు లేవు. బయటి గోడలును, శిఖరముతో కూడిన గోపురమును మిగిలెను. ఆలయము డిస్ట్రాయ్ అయినది. కొత్త ఆలయము కట్టవలసి వచ్చినపుడు, ఆ మిగిలిన గోడలను తీసివేయరాదని నిశ్చయించిరి, అనగా డిమాలిష్ చేయలేదు. ఆ గోడలు రూయిన్స్‌గా నిలుపబడినవి. వాని ప్రక్కనే కట్టిన నూతనాలయము 1962లో ప్రతిష్ఠింపబడెను. మూడు మాటలకును ఒకే తెలుగు పదము వేసినచో ఈ కథ చెప్పుటకే వీలులేదు.

దేవాలయముల నుండి ధర్మశాస్త్రమునకు వచ్చిన యెడల ఒక చిన్న సంగతి చెప్పుదుము. కొండమీది ప్రసంగమున, ధర్మశాస్త్రమును గూర్చి క్రీస్తు పలికిన చోట, పాత ఆంగ్లానువాదము డిస్ట్రాయ్ అను మాటను వాడినది. మన తెలుగు బైబిలు కొట్టివేయు అను క్రియను వాడినది. గ్రీకు మూలములోని క్రియకు విప్పివేయుట, సడలించుట యని యర్థము. శాస్త్రము గోడ కాదు గనుక కూల్చుట యనలేదు. వ్రాతను కొట్టివేయుదుము గనుక కొట్టివేయుట యనిరి. ఇట్టి యెన్నిక నిఘంటువు చూచి చేయునది కాదు. ఎదుట నున్నది ఏ వస్తువో మొదట ఆలోచించినవారికి దొరకునది.

ఇప్పుడు వేరులోనికి పోవుదము. ఇరాడికేట్ అను పదమున రాడిక్స్ అనగా వేరు. ముల్లంగికి రాడిష్ అను పేరు ఆ వేరునుండియే వచ్చినది. మన నిర్మూలనములోని మూలమునకును వేరనియే యర్థము. సంస్కృతమున మూలకమనగా ముల్లంగి! వేయి క్రోసుల యెడమున నున్న రెండు భాషలు ఒకే చిత్రమును గీసి, దానిప్రక్కన ఒకే కూరగాయను పెట్టుట మాకెప్పుడును ముచ్చట గొలుపును. కలుపుమొక్కను కోసినవాడు డిస్ట్రాయ్ చేసెననుకొనును, వారము దినములకది మరల మొలచును. వేరుతో పెరికినవాడే ఇరాడికేట్ చేసినవాడు.

మశూచి విషయమున ఈ మాట అక్షరాల నెరవేరినది. తరతరములుగా మన గ్రామములను పీడించిన ఆ వ్యాధి భారతదేశమున 1975 తరువాతను, లోకమున 1977లో సోమాలియాలోని చివరి సహజ రోగి తరువాతను మరల పుట్టలేదు. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి ఇరాడికేట్ అయినదని ప్రకటించెను. మరి ఆ వ్యాధిని కలిగించు వైరస్సు డిస్ట్రాయ్ అయినదా? కాలేదు. అమెరికాలో నొకటి, రష్యాలో నొకటి, రెండు ప్రయోగశాలలలో నది భద్రముగా దాచబడియున్నది. దానిని నాశనము చేయవలెనా, పరిశోధనకై యుంచవలెనా యని శాస్త్రజ్ఞులు దశాబ్దములుగా వాదించుకొనుచున్నారు. వ్యాధి నిర్మూలమైనది, విత్తనము నాశనము కాలేదు. ఈ రెండు పదములను కలగాపులగము చేసినవానికి ఆ వాద మేమియో అర్థమే కాదు.

వైద్యశాఖవారికి మరియొక సున్నితమైన భేదము గలదు. ఎలిమినేట్ అను మాటలో లిమెన్ అనగా గడప; గడప దాటించి వెలుపలికి నెట్టుట. ఒక దేశమున వ్యాధి పుట్టకుండ చేసిన యెడల ఎలిమినేట్ అందురు; భూమిమీద నెక్కడను లేకుండ చేసిన యెడల ఇరాడికేట్ అందురు. పోలియో వ్యాధి భారతదేశమున 2011 జనవరిలో చివరిసారి కనబడెను. 2014 మార్చిలో మన దేశము పోలియో లేనిదిగా ధ్రువపరచబడెను. మనము దానిని గడప వెలుపలికి నెట్టితిమి గాని దాని వేరు లోకములో మిగిలియే యున్నది. అందుచేతనే అటుపిమ్మటను పసిబిడ్డలకు చుక్కలు వేయుట మానలేదు. పోయినదని నమ్మి తలుపు గడియ తీసిన యెడల మరల లోనికి వచ్చును.

వ్యాధులలోనే క్షయను చూడుడు. క్షి యను ధాతువునకు తరుగుట, కృశించుట యని యర్థము. గ్రీకువారు ఆ వ్యాధిని థైసిస్ అనిరి. ఆ గ్రీకు ధాతువు మన క్షి ధాతువునకు సోదరమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆంగ్లేయులు దానిని కన్‌సంప్షన్ అనిరి, అనగా తినివేయబడుట. అగ్ని యింటిని కన్‌స్యూమ్ చేయును, చింత మనిషిని కన్‌స్యూమ్ చేయును. ఒక్క దెబ్బతో కాక, కొంచెము కొంచెముగా లోపలినుండి హరించు నాశనమునకు ఇవి తగిన మాటలు. 1882లో రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు ఆ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని కనుగొనునంతవరకు రోగి తనంతట తానే కరగిపోవుచున్నట్లు లోకమునకు తోచెను. ఆ యూహయే పేరులో మిగిలినది.

ఇంతవరకు వచ్చి, మన నాశన శబ్దమునే విడుచుట న్యాయము కాదు. నశ్ అను ధాతువునకు పాణినీయ ధాతుపాఠము చెప్పిన యర్థము కానరాకపోవుట. చచ్చుట కాదు, విరుగుట కాదు, కంటికి కనబడకపోవుట. లాటినులో హత్యను చెప్పు నెక్స్ అనునది ఈ ధాతువునకు జ్ఞాతి. హానికరమైన అను నర్థముగల నాక్షస్, వినాశకరమైన అను నర్థముగల పెర్నిషస్ అను ఆంగ్లపదము లా లాటిను వంశమునుండి వచ్చినవి. ఇన్నొసెంట్ అనగా హాని చేయనివాడు, అదియు నీ వంశమే. కాబట్టి నాశనమును నాక్షసును దాయాదులు. అయినను వారు హానిని చూచిరి, మనవారు కానరాకుండుటను చూచిరి. పెరిష్ అను క్రియ మాత్రము మనకు చేరువ. దాని మూలార్థము వెళ్లిపోవుట. మన "పోయెను" అను మాటకు సరిగా జత.

ఈ కానరాకుండుటకును నిజముగా లేకుండుటకును గల దూరమును మన దేశపు పక్షియే మనకు నేర్పినది. జాతి మొత్తము లేకుండ పోయిన ప్రాణికి ఎక్స్‌టింక్ట్ అందురు. ఆర్పుట అను నర్థముగల లాటిను క్రియ యందున్నది. నిప్పు నార్పుటకు ఎక్స్‌టింగ్విష్ అనునది దాని మరియొక రూపము. మన యిండ్లలో దీపము ఆరెననక కొండెక్కెనందురు. ఆరుట అను మాటయందలి భయ మట్టిది. మారిషస్ దీవిలోని డోడో 17వ శతాబ్దమున ఆరిపోయెను. దానిని డిస్ట్రాయ్ అయ్యెనని వ్రాసిన విద్యార్థి ఇకమీదట ఎక్స్‌టింక్ట్ అని వ్రాయునుగాక. కాని మన కడప, అనంతపురము ప్రాంతములలో కలివికోడి యను పక్షి యొకటి గలదు. జెర్డన్ అను సైనిక వైద్యుని ద్వారా 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. 1900 తరువాత నెవ్వరికిని కనబడలేదు. ఎక్స్‌టింక్ట్ అయి యుండునని పలువురు తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా పొదలలో రాత్రివేళ స్థానికుడొకడు సజీవమైన కలివికోడిని పట్టుకొనెను. రాత్రి తిరుగు పక్షిని పగలు వెదకిన నెట్లు కనబడును? దీపము ఆరలేదు, తలుపుచాటున నుండెను. ఎనుబదియైదేండ్లకు పైగా దానికి సరిపడిన మాట ఎక్స్‌టింక్ట్ కాదు, మన ధాతుపాఠమువారు చెప్పిన నాశనమే. ఆ పక్షి దొరకుటచేత శ్రీలంకమల్లేశ్వర అడవులు అభయారణ్యమైనవి. ఆరినదని తలచిన దీపమునకు ఎవ్వరును చేతు లడ్డుపెట్టరు గదా.

చిన్న మాటలను త్వరగా దాటుదము. డెసిమేట్ అనగా పదింట నొకని జంపుట; రోమను సేనాపతులు తిరుగబడిన లేక పారిపోయిన పటాలమునకు విధించిన శిక్ష. నేడు చాలభాగమును నాశనము చేయుట యను నర్థమున వాడుచున్నారు. పండితులు కొందరు కోపగించుకొందురు, మేము కోపగించుకొనము. వాండలిజం అనగా అందమైనదానిని ఊరక పాడుచేయుట. క్రీ.శ. 455లో రోమును దోచిన వాండలుల పేరిట ఫ్రెంచి విప్లవకాలమున, 1794లో, గ్రెగ్వార్ అను మతాచార్యుడు కల్పించిన మాట. మన బల్లలమీద చాకుతో పేర్లు చెక్కువారికి ఈ మాట తెలిసియుండుట మంచిది.

ఇక కడపటిది, బరువైనది. ఎక్స్‌టర్మినేట్ అను మాటలో టెర్మినుస్ అనగా పొలిమేర. లాటినులో దాని యర్థము పొలిమేర దాటించి వెళ్లగొట్టుట. క్రమముగా ఒక్కటియు మిగులకుండ చంపుట యను నర్థము వచ్చినది. ఎలుకలకు, చెదలకు, నల్లులకు వాడుచుందురు. అనైహిలేట్ అనునది శూన్యము చేయుట. నిహిల్ అనగా ఏమియు లేకుండుట. ఈ రెండు మాటలును పురుగులను విడిచి మనుష్యులమీదికి వచ్చినపుడు ఏమగునో 20వ శతాబ్దము చూచినది. హిట్లరు పాలనలో యూదులను పురుగులనియు, పరాన్నభుక్కులనియు పిలుచుట ముందు జరిగెను. పిమ్మట అరువది లక్షల యూదులు చంపబడిరి. ఆష్విట్జ్‌లో వారిని చంపుటకు వాడిన విషవాయువు పురుగులను చంపుటకై తయారైనదే. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో టుట్సీలను రేడియోలో బొద్దింకలని పిలిచిరి. కొన్ని నెలలలోనే లక్షలమంది హతులైరి. మనిషిని మనిషి యని పిలుచుచు అట్లు చేయుట కష్టము. ముందు పేరు మార్చుదురు.

ఆ నేరమునకు చాలకాలము పేరే లేదు. హత్య యనిన చాలదు, యుద్ధమనిన సరిపడదు, డిస్ట్రక్షన్ అనిన భవనములు జ్ఞప్తికి వచ్చును. పోలెండు దేశపు న్యాయవాదియు, యూదుడును అగు రఫాయెల్ లెమ్కిన్ తన బంధువులలో పెక్కుమందిని ఆ మారణహోమమున కోల్పోయెను. జాతి యను నర్థముగల గ్రీకు పదమునకు చంపుట యను నర్థముగల లాటిను ధాతువును చేర్చి, 1944లో అచ్చయిన తన గ్రంథమున జెనొసైడ్ అను మాటను ఆయన కల్పించెను. రెండు భాషలను కలుపుట వ్యాకరణజ్ఞులకు రుచింపక పోవచ్చును. 1948 డిసెంబరు 9వ తేదీన ఐక్యరాజ్యసమితి ఆ పేరితోనే ఒక ఒడంబడిక నంగీకరించి, దానిని శిక్షింపదగిన నేరముగా ప్రకటించెను. న్యాయస్థానమున నేరారోపణ వ్రాయుటకు ఒక మాట కావలెను. ఆ మాట అప్పుడు దొరికెను.

విద్యార్థులారా, క్రింది వాక్యములను ఆంగ్లమున వ్రాసి మాకు చూపుడు. డిస్ట్రాయ్ అను పదమును ఒక్కచోట మాత్రమే వాడవలెను. ఎక్కడ వాడితిరో, ఏల వాడితిరో ప్రక్కన తెలుగులో వ్రాయుడు. కుండలోని పెరుగు పాడైపోయెను. జూదముచేత ఆ వర్తకుడు పాడైపోయెను. చెదలు పట్టి పెట్టెలోని పుస్తకములు కొంచెము కొంచెముగా పాడైపోయినవి. పొలములోని తుంగను వేరుతో తీసివేసిరి. విచారణకు ముందురాత్రి కరణము లెక్కల కవిలెను కాల్చివేసెను. ఉప్పెన తరువాత ఆ దీవి నిర్జనమై పాడుపడియుండెను. అవసరము లేదని పాత వంతెనను పడగొట్టించిరి. నిప్పు తనంతట ఆరిపోయెను.